రసీదుకు ఒక దారి, విజ్ఞప్తికి ఒక దారి



దాతకూ ధార్మిక సంఘానికీ మధ్య నడిచే ఈమెయిళ్లు రెండు రకాలు. జకాత్ గానీ సదఖా గానీ పంపిన వెంటనే వచ్చే రసీదు, మే నెలలో వచ్చే పన్ను సర్టిఫికెట్, స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టిన విద్యార్థికి వెళ్లే సమాధానం మొదటి రకం. రంజాన్ విజ్ఞప్తి, ఖుర్బానీ ప్రకటన, సభకు ఆహ్వానం రెండో రకం. మొదటిది సంఘం దాతకు బాకీ ఉన్న కాగితం. రెండోది సంఘం దాతను అడిగే మాట. వ్యాపార సంస్థలు మొదటిదాన్ని లావాదేవీ మెయిల్ అనీ, రెండోదాన్ని ప్రచార మెయిల్ అనీ అంటాయి. ఈ రెండింటినీ వేరు వేరు దారుల్లో ఎందుకు పంపాలో, ఎలా పంపాలో తెలుసుకుందాం.

రాజోలు, మలికిపురం, అమలాపురం ప్రాంతాల వారు ఎందరో కువైట్, దుబాయి వంటి చోట్ల పనిచేస్తున్నారు. వారికి రసీదు చేతికి ఇచ్చే వీలుండదు. ఇక్కడి దాతలకూ కాగితం అవసరమే. 1961 ఆదాయపు పన్ను చట్టం 80జి సెక్షన్ కింద మినహాయింపు కోసం, 2021–22 ఆర్థిక సంవత్సరం నుంచి, సంస్థ ఏటా మే 31 లోగా దాతల వివరాలు దాఖలు చేసి, ఫారం 10బిఇ సర్టిఫికెట్ ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. ఆలస్యమైతే సంస్థ రోజుకు 200 రూపాయల రుసుము కట్టాలని ఆ చట్టం చెప్పింది. ఆ సర్టిఫికెట్ గడువులోనే పంపినా, అది దాత స్పామ్ పెట్టెలో పడి ఉంటే ఏం ప్రయోజనం?

ఈమెయిల్ చిరునామాలో ఎట్ గుర్తు తర్వాత వచ్చే పేరే డొమైన్. బడిలో విద్యార్థికి కాండక్ట్ సర్టిఫికెట్ ఉన్నట్టే, జీమెయిల్, యాహూ వంటి సంస్థల దగ్గర ప్రతి డొమైన్‌కూ ఒక నడవడిక లెక్క ఉంటుంది. పాఠకులు 'స్పామ్' అని నొక్కిన ప్రతిసారీ ఆ లెక్క దిగజారుతుంది. గూగుల్, యాహూ 2023 అక్టోబరులో ప్రకటించి 2024 ఫిబ్రవరి నుంచి అమలు చేస్తున్న నియమాల ప్రకారం ఈ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. 0.1 శాతం లోపు ఉంచుకోవడం మేలని గూగుల్ సలహా. లెక్క కట్టి చూడండి. రంజాన్ విజ్ఞప్తి వెయ్యి మందికి చేరితే, ముగ్గురు స్పామ్ నొక్కేసరికే 0.3 శాతం అయిపోతుంది. రసీదులు ఎక్కువగా వెళ్లేదీ ఆ రోజుల్లోనే. డొమైన్ ఒకటే అయితే, విజ్ఞప్తి మీద పడ్డ మచ్చ రసీదుకూ అంటుతుంది.

కోనసీమ రైతుకు ఇది కొత్త పాఠం కాదు. ధవళేశ్వరం నుంచి నీరు తెచ్చే కాలువ వేరు, చేలోని నీటిని బయటికి తీసే డ్రెయిన్ వేరు. రెండూ కావలసినవే, కానీ దేని దారి దానిది.

ప్రభుత్వ సంస్థలు కూడా ఇదే పద్ధతి పెట్టాయి. మీ ఫోన్‌కు వచ్చే ఎస్సెమ్మెస్‌లలో పంపినవారి పేరు చివర 'పి' ఉంటే ప్రచారం, 'ఎస్' ఉంటే సేవ, 'టి' ఉంటే లావాదేవీ, 'జి' ఉంటే ప్రభుత్వం. ఇది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో తెచ్చిన మార్పు. ఫోన్ కాల్స్‌లోనూ ప్రచారానికి 140తో మొదలయ్యే నంబర్లు, బ్యాంకుల సేవలకు 1600తో మొదలయ్యే నంబర్లు ఉన్నాయి. అసలు బ్యాంకును జనం గుర్తుపట్టేందుకు, 2025 అక్టోబరు 31 నాటికి బ్యాంకులన్నీ 'బ్యాంక్ డాట్ ఇన్' డొమైన్‌కు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

సంఘం చేయవలసిన పని ఇది. పూర్తిగా కొత్త పేర్లతో రెండు డొమైన్లు కొనడం కంటే, ఉన్న డొమైన్ ముందు 'రసీదు' అని ఒకటి, 'వార్తలు' అని ఒకటి చేర్చి రెండు ఉప డొమైన్లు పెట్టుకోవడం మంచిది. వీటికి వేరే రిజిస్ట్రేషన్ రుసుము ఉండదు. అసలు పేరు కనబడుతుంది కాబట్టి దాతకు అనుమానం రాదు. నడవడిక లెక్క చాలావరకు విడిగా నడుస్తుంది. అయితే పూర్తిగా కాదు. ఒకదానితో బాగా చెడ్డపేరు తెచ్చుకుంటే అసలు డొమైన్‌కూ తగులుతుంది.

రెండు ఉప డొమైన్లకూ మూడు ఏర్పాట్లు ఉండాలి. ఆ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో తెలిపే జాబితా ఎస్‌పిఎఫ్. మెయిల్ దారిలో మారలేదని చూపే ముద్ర డికిమ్. ఈ పరీక్షల్లో నెగ్గని మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే ఆదేశం డీమార్క్. డీమార్క్‌ను మొదట గమనింపుకే పెట్టి, అన్నీ సరిగా ఉన్నాయని తేలాక తిరస్కరణ వరకు తీసుకువెళ్లాలి. కొత్త ఉప డొమైన్ నుంచి మొదటి రోజే వేలకొద్దీ మెయిళ్లు పంపకూడదు. కొద్దికొద్దిగా పెంచాలి.

విజ్ఞప్తిలో 'ఇక వద్దు' అని ఒక్క నొక్కుతో చెప్పే వీలుండాలి. అలా చెప్పిన దాతకు కూడా రసీదు ఆగకూడదు. రసీదు అడుగున 'మరికొంత ఇవ్వండి' అని రాయకూడదు. రాస్తే ఆ దారిలోకీ ప్రచారం వచ్చినట్టే. డొమైన్ ఒక వ్యక్తి పేరున కాక సంఘం పేరున ఉండాలి, ఏటా గడువులోగా పునరుద్ధరించాలి. గడువు దాటి వదిలేసిన పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు, దాని మీద మన దాతలకే మెయిళ్లు పంపవచ్చు.

దాతలు చేయగలిగినవీ మూడు ఉన్నాయి. సంఘం రసీదు చిరునామాను మీ కాంటాక్ట్స్‌లో దాచుకోండి. విజ్ఞప్తులు వద్దనుకుంటే స్పామ్ నొక్కకుండా 'ఇక వద్దు' నొక్కండి. తెలియని డొమైన్ నుంచి సంఘం పేరుతో డబ్బు అడిగితే, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి కనుక్కున్నాకే పంపండి.

దాత ఇచ్చిన ప్రతి రూపాయీ అమానత్. అది చేరిందన్న మాట దాతకు సకాలంలో అందించడం కూడా ఆ అమానత్‌లో భాగమే.