రైతుకు చేరిన మాట

హైదరాబాదు పాతబస్తీలోని ఉప్పుగూడకు పడమరన రాజేంద్రనగర్‌లో 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అక్కడి విస్తరణ విద్యా విభాగంలో భావప్రసారం ఒక ముఖ్య పాఠ్యాంశం. 1960లో డేవిడ్ బెర్లో రూపొందించిన నమూనాలో ప్రేషకుడు, సందేశం, మాధ్యమం, గ్రహీత అనే నాలుగు అంగాలున్నాయి. గ్రహీత ప్రతిస్పందనకు అందులో చోటు లేదు.

క్షేత్రంలో ఈ లోటు పైరుకు చేటు. ‘లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు’ అన్న సిఫారసును రైతు ‘ట్యాంకుకు రెండు మూతలు’గా గ్రహిస్తే మోతాదు తప్పుతుంది. తగ్గితే పురుగు చావదు, మించితే ఆకు మాడుతుంది. పెట్టుబడి మాత్రం రైతుదే.

2008లో జహీరాబాదు ప్రాంతంలోని మాచనూరులో మొదలైన సంఘం రేడియోలో గ్రామీణ దళిత మహిళలే వక్తలయ్యారు. విస్తరణ విద్యార్థి కూడా సిఫారసు చెప్పిన పిదప రైతుచేత తిరిగి చెప్పించి, మందును ఆయన చేతనే కొలిపించి చూడాలి.