గాలికి ఎదురు తెరుచుకున్న తలుపు

విశాఖపట్నంలో ఓడలు కట్టించాలని పట్టుబట్టిన మనిషే బొంబాయిలో కార్ల కర్మాగారం కూడా పెట్టారు. ఆయన వాల్‌చంద్ హీరాచంద్. 1941 జూన్ 21న విశాఖలో సింధియా షిప్‌యార్డుకు రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పుట్టింది. 1948 మార్చి 14న స్వతంత్ర భారతంలో తయారైన తొలి పెద్ద నౌక ‘జల ఉష’ను నెహ్రూ విశాఖ నీళ్ళలోకి వదిలారు. 1953లో వాల్‌చంద్ కన్నుమూశారు. అదే ఏడాది ఇటలీలో ఫియట్ సంస్థ 1100-103 అనే కొత్త కారును లోకానికి చూపించింది. కొద్దికాలానికే అది బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ కర్మాగారం నుంచి మన రోడ్ల మీదికి వచ్చింది.

ఆ కారు ముందు తలుపు తెరిస్తే ఇప్పటివాళ్ళకు వింతగా ఉంటుంది. మడతబందులు ముందువైపు కాకుండా వెనకవైపు, కారు నడిమి స్తంభానికి ఉంటాయి. పిడి ముందువైపు ఉంటుంది. తలుపు వెనక్కి తెరుచుకుంటుంది. వెనక తలుపు మాత్రం మామూలుగానే ఉంటుంది. అంటే ఒకే స్తంభానికి రెండు తలుపులూ వేలాడుతుంటాయి.

పాత ఫియట్ అమ్మకానికి ఉందంటే నర్సీపట్నం లాంటి ఊళ్ళో ఈరోజుకీ నలుగురు ఆగి చూస్తారు. ‘కొనేసి రోజూ డ్యూటీకి దీంట్లోనే పోతే ఎలా ఉంటుంది?’ అన్న ఆశ ఒకరిద్దరికైనా పుడుతుంది. నర్సీపట్నం రోడ్డు అనే రైల్వేస్టేషన్ ఊరికి చాలా దూరాన, మెయిన్ లైను మీద ఉంది. తుని వెళ్ళినా, అనకాపల్లి వెళ్ళినా, చింతపల్లి ఘాటీ ఎక్కినా రోడ్డే దిక్కు. అందుకే ఇక్కడ సెకండ్ హ్యాండ్ కారు ఎంపిక సరదా వ్యవహారం కాదు. ఆ ఆశకు సమాధానం చెప్పాలంటే ముందు ఆ తలుపు కథ తెలియాలి.

బగ్గీల కాలం నుంచి

తొలి కార్ల ఒళ్ళు చేసింది గుర్రబ్బగ్గీలు చేసిన వడ్రంగులే. చెక్క చట్రం మీద రేకు తొడిగేవారు. తలుపు బరువంతా మడతబందుల మీదే పడుతుంది కాబట్టి, చట్రంలో గట్టి స్తంభం ఎక్కడుంటే అక్కడ బిగించేవారు. చాలా కార్లలో ఆ గట్టి స్తంభం నడిమిదే. ఒక్క స్తంభాన్ని బలంగా కడితే రెండు తలుపులకూ సరిపోతుంది, ఖర్చు కలిసొస్తుంది. ఎక్కడం దిగడం కూడా సులువు. ముందు నుంచి వచ్చి, సీటుకు వీపు తిప్పి కూర్చుని, కాళ్ళు లోపల పెట్టుకుంటే చాలు. చీర కట్టుకున్నవాళ్ళకూ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకూ ఇది హాయి.

అందుకే ఇది ఒక్క ఫియట్ పద్ధతి కాదు. 1934 నాటి సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంత్, 1947 నాటి రెనో 4సివి, 1957 నాటి బుల్లి ఫియట్ 500, ఇవన్నీ ముందు తలుపులు వెనక్కి తెరుచుకునేవే. బండ్లు నెమ్మదిగా నడిచినంతకాలం ఎవరికీ ఇబ్బంది రాలేదు.

గాలి లెక్క

ఇబ్బంది వేగంతో వచ్చింది. గాలి తోసే బలం వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే గాలి దెబ్బ రెండుంపావు రెట్లవుతుంది. కారు తలుపు సుమారు 0.8 చదరపు మీటరు అనుకుందాం. గంటకు 60 కి.మీ. వేగంలో అది గాలికి పూర్తిగా ఎదురైతే దాదాపు 13 కిలోల బరువుకు సమానమైన తోపు పడుతుంది. 90 కి.మీ. వేగంలో అది సుమారు 30 కిలోలు.

ఇప్పుడు రెండు రకాల తలుపులనూ పక్కపక్కన పెట్టి చూడండి. మడతబందులు ముందున్న తలుపు నడుస్తుండగా గొళ్ళెం జారినా, ఎదురుగాలి దాన్ని మూసివేతవైపే నొక్కుతుంది. మడతబందులు వెనకున్నప్పుడు తలుపు ముందంచు కాస్త బయటికొస్తే చాలు, గాలి సందులో దూరి ఎదురుగాలికి గొడుగు తెరిచినట్టు విప్పేస్తుంది. దానికి తోడు కారు ముందు మూల తిరిగి పక్కలకు జారే గాలి అక్కడ వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది కాబట్టి, తలుపును బయటికి లాగే శక్తి అక్కడ ముందే పొంచి ఉంటుంది.

ఆ రోజుల్లో సీటుబెల్టులు లేవు. విప్పుకున్న తలుపును పట్టి మూయబోయిన మనిషి తలుపుతో పాటే బయటపడే ప్రమాదం ఉండేది. ఇంగ్లీషులో వీటికి ‘సూయిసైడ్ డోర్స్’ అన్న మాట ఊరికే అతుక్కోలేదు.

బండి ఆగి ఉన్నప్పుడూ చిక్కే. వెనక నుంచి మోటార్‌సైకిల్ వస్తుంటే, మామూలు తలుపు అంచుకు తగిలి తలుపు ముందుకు విరుగుతుంది. వెనక బందుల తలుపైతే దాని బయటి ముఖానికి తగిలి, దిగుతున్న మనిషి కాళ్ళ మీదికి మూసుకుంటుంది. పైగా తెరిచిన తలుపు దిగేవారి వెనక చూపును కొంత కప్పేస్తుంది. సందు దొరికితే దూరిపోయే మన ఆటోలూ బైకుల మధ్య ఇది చిన్న విషయం కాదు.

దోషి గొళ్ళెం

అయితే తలుపు తెరుచుకునే దిక్కు ఒక్కటే ఇందులో నేరస్థురాలు కాదు. అప్పటి గొళ్ళేలు ఇంటి తలుపు గడియల్లాంటివి. ఒక నాలుక వెళ్ళి గాడిలో పడేది, అంతే. గుద్దుకున్నప్పుడు కారు ఒళ్ళు కొంచెం సాగితే నాలుక గాడిలోంచి జారిపోయేది. ఏ దిక్కుకు తెరుచుకునే తలుపైనా ఊడిపోయేది.

1950లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రమాదాల నివేదికలు పోగేసి చూస్తే, కారులోంచి బయటికి విసిరేయబడినవారికే ఎక్కువ ముప్పని తేలింది. 1956 మోడళ్ళ నాటికి అక్కడి తయారీదారులు ఒకదానిలో ఒకటి చిక్కుకునే గొళ్ళేలు తెచ్చారు. ఇప్పటి గొళ్ళేల్లో స్తంభం మీది కమ్మీని తలుపులోని ఉక్కు కొక్కెం చుట్టి పట్టుకుంటుంది. ఒళ్ళు సాగినా వదలదు. 1968 నుంచి అమల్లోకి వచ్చిన అమెరికా ప్రమాణం ప్రకారం, పూర్తిగా పడిన గొళ్ళెం పొడవునా లాగితే 11,000 న్యూటన్ల బలాన్ని తట్టుకోవాలి. అంటే టన్నుకు పైగా బరువు. గాలి తోసే 30 కిలోల పక్కన పెట్టి చూస్తే, మంచి గొళ్ళేనికి గాలి ఒక లెక్కే కాదు.

ఇవాళ ఏ కారు తలుపైనా మెల్లగా మూస్తే రెండు టక్కులు వినిపిస్తాయి. మొదటిది సగం పట్టు, రెండోది పూర్తి పట్టు. సరిగా మూయకపోయినా తలుపు ఒక్కసారిగా విప్పుకోకుండా కాపాడేది ఆ మొదటి టక్కే.

కానీ ఆ అమెరికా ప్రమాణం వచ్చేలోపే మామూలు కార్ల తయారీదారులు దిక్కు మార్చేశారు. ఇటలీలో ఫియట్ 600కు 1964లో, ఫియట్ 500కు 1965లో మడతబందులు ముందుకొచ్చాయి. మన దేశంలో 1964 నాటి ఫియట్ 1100 డిలైట్ ముందుబందుల తలుపులతోనే వచ్చింది. అదే 1970లలో ప్రీమియర్ పద్మిని అయింది. బొంబాయి చివరి నలుపు పసుపు పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది.

తిరిగొచ్చిన తలుపు

పాత తలుపు పూర్తిగా పోలేదు. గొళ్ళెం గట్టిపడ్డాక, కారుకు తన వేగం తనకే తెలిసే ఎలక్ట్రానిక్స్ వచ్చాక మళ్ళీ వచ్చింది. ఐక్యరాజ్యసమితి వాహన నియమాల్లో దీనికి షరతు కూడా ఉంది. వెనక బందులతో, మిగతా తలుపులతో సంబంధం లేకుండా తెరుచుకునే తలుపుకు, కారు గంటకు 4 కి.మీ. వేగం అందుకోగానే లోపలి పిడి పనిచేయకూడదు. సరిగా మూయకపోతే డ్రైవరుకు కనిపించేలా హెచ్చరిక రావాలి. రోల్స్ రాయిస్ వెనక తలుపులు అలా బతుకుతున్నాయి.

మామూలు ఉద్యోగికి అందే ధరలో ఈ తలుపు కావాలంటే అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉండే మనవాళ్ళు బీఎండబ్ల్యూ ఐ3 వైపు చూడొచ్చు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో 2013 నుంచి 2022 వరకు తయారైన కరెంటు కారు ఇది. నడిమి స్తంభమే లేదు. కార్బన్ ఫైబర్ గూడే ఆ బలాన్ని మోస్తుంది. ముందు తలుపు తెరిస్తే గానీ వెనక తలుపు తెరుచుకోదు కాబట్టి, గాలి భయం లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు మాత్రం ఏ ఏడాది బండో చూసుకోవాలి. తొలి బ్యాటరీతో అమెరికా లెక్కల్లో 81 మైళ్ళు, చివరి తరం బ్యాటరీతో 153 మైళ్ళు పోతుంది. వెనక అద్దాలు దిగవు, సీట్లు నాలుగే. ఇరుకు పార్కింగులో ముందువాళ్ళు దిగితే తప్ప వెనకవాళ్ళు దిగలేరు. ఒక్కరో ఇద్దరో ఆఫీసుకు పోయిరావడానికి బాగుంటుంది. రోజూ పిల్లల్ని బడి దగ్గర దించేవారికి విసుగు పుడుతుంది.

మరి నర్సీపట్నంలో?

ఇక్కడ దొరికేది 1950ల ఫియటే. దాన్ని చూడబోతే తలుపుతోనే మొదలుపెట్టండి. ముందు తలుపును సగం తెరిచి, కొసను పట్టుకుని పైకెత్తి చూడండి. కదిలితే మడతబందుల మేకులు అరిగినట్టు. మూస్తే గొళ్ళెం గట్టిగా పడుతోందో లేదో చూడండి. ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు, ఒళ్ళే దానికి ఎముకల గూడు. తలుపు కింది రేకూ నడిమి స్తంభం మొదలూ తుప్పు పట్టి, టింకరింగ్ షాపులో పుటీ పెట్టి రంగేసి ఉంటే పైకి తెలియదు. అయస్కాంతం ఆనించి చూస్తే పుటీ మందంగా ఉన్నచోట పట్టదు. స్తంభం మొదలు పుచ్చితే రెండు తలుపులూ ఒకేసారి నమ్మకం కోల్పోతాయి.

తలుపు బాగున్నా మిగతావి ఉన్నాయి. ఇంజిన్ 1089 సీసీ, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. చింతపల్లి దారిలో లంబసింగి ఘాటీ దిగేటప్పుడు డ్రమ్ములు వేడెక్కితే పట్టు తగ్గుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు, ఆనాటి రబ్బరు గొట్టాలనూ కార్బురేటర్ వాషర్లనూ పాడుచేస్తుంది, మార్పించాలి. ముందు సీట్లకు బెల్టులు కట్టించాలి.

చట్టం మాట కూడా వినండి. 2021 నియమాల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేయించుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్ళు. కానీ ఆ నంబరు ప్లేటుతో ప్రదర్శనలకూ ర్యాలీలకూ పెట్రోలుకూ మరమ్మతులకూ తప్ప రోజువారీ ప్రయాణానికి తిప్పకూడదు. మామూలు ఆర్.సి. మీదే నడపాలంటే అయిదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. పాత బండి ఆర్.సి. బతికి ఉందో లేదో చూడకుండా బయానా ఇవ్వకండి.

కాబట్టి నా తీర్పు ఇది. రోజూ అనకాపల్లికో తునికో పోయిరావాలంటే ముందుబందుల తలుపులూ ఎయిర్‌బ్యాగులూ ఏబీఎస్ బ్రేకులూ ఉన్న, సర్వీసు రికార్డు దొరికే మామూలు సెకండ్ హ్యాండ్ కారే కొనండి. వెనక్కి తెరుచుకునే తలుపు మీద మనసు పడితే, ఆ ఫియట్‌ను రెండో బండిగా పెట్టుకుని ఆదివారం పూట నెమ్మదిగా నడపండి. ఏ కారు కొన్నా సరే, గొళ్ళెం పూర్తిగా పడేదాకా తలుపు వేయండి. బెల్టు పెట్టుకున్నాకే బండి కదిలించండి.