ఎనిమిది జీబీ లాప్‌టాప్‌లో ఇరవై జీబీ ఫైలు

మా రిచ్‌మండ్ హిల్‌లో డేవిడ్ డన్‌లాప్ అబ్జర్వేటరీ ఉంది. 1935లో తెరిచారు. అక్కడి 74 అంగుళాల టెలిస్కోపు ఇప్పటికీ కెనడాలోని ఆప్టికల్ టెలిస్కోపుల్లో అన్నిటికంటే పెద్దది. సిగ్నస్ ఎక్స్-1 బ్లాక్ హోల్ అని 1970ల మొదట్లో టామ్ బోల్టన్ తేల్చింది ఇక్కడి పరిశీలనలతోనే. ఆ రోజుల్లో నక్షత్రాల కాంతిని గాజు పలకల మీద నమోదు చేసేవారు. ఇప్పుడు అదంతా కంప్యూటర్ ఫైళ్ళలోకి వస్తోంది. ఒక్కో ఫైలు లాప్‌టాప్ మెమరీలో పట్టనంత పెద్దదిగా కూడా ఉండొచ్చు. మరి దాన్ని తెరిచేదెలా?

పిల్లలు కాస్త పెద్దయ్యాక పైథాన్, డేటా కోర్సులు మొదలుపెట్టిన మనలాంటివాళ్ళకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. "ర్యామ్ చాలదు, కొత్త లాప్‌టాప్ కొనాల్సిందే" అనే సలహా వెంటనే వస్తుంది. డబ్బు పెట్టేముందు మెమరీ మ్యాపింగ్ గురించి తెలుసుకోవడం మంచిది.

అన్నం వండాలంటే బియ్యం బస్తా మొత్తం గిన్నెలో కుమ్మరించం కదా, కావలసిన గ్లాసులు కొలిచి తీసుకుంటాం. ఇదీ అంతే. లైనక్స్‌లో, మ్యాక్‌లో "ఎమ్‌మ్యాప్" అనే పిలుపు అందగానే ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలుకు చిరునామాలు మాత్రమే కేటాయిస్తుంది. విండోస్‌లో ఇదే పని చేసే పిలుపులు వేరే ఉన్నాయి. ప్రోగ్రాము ఏ చోటును ముట్టుకుంటే ఆ పేజీ అప్పుడు డిస్కు నుంచి వస్తుంది. పేజీ అంటే సాధారణంగా 4 కేబీ. ఆ లెక్కన 20 జీబీ ఫైల్లో సుమారు 52 లక్షల పేజీలు ఉంటాయి. చోటు చాలకపోతే వాడని పేజీలను సిస్టమే తీసేస్తుంది.

నంపై లైబ్రరీలో ఎన్‌పీవై ఫైలును లోడ్ చేసేటప్పుడు మ్యాప్ మోడ్‌కు "ఆర్" అని ఇస్తే చాలు. ఖగోళశాస్త్రజ్ఞులు వాడే ఆస్ట్రోపై కూడా మామూలుగా ఫిట్స్ ఫైళ్ళను ఇలాగే తెరుస్తుంది.

కొన్ని జాగ్రత్తలు. "ఆర్" అంటే చదవడానికి మాత్రమే. "ఆర్ ప్లస్" పెడితే మీరు చేసే మార్పులు అసలు ఫైల్లోకే వెళ్తాయి. యూఎస్‌బీలో ఉన్న ఫైలుతో పనిచేస్తుంటే మధ్యలో దాన్ని పీకకూడదు, ప్రోగ్రాము ఆగిపోవచ్చు. మొత్తం డేటాను రెండుతో గుణించి కొత్త పట్టీలో పెట్టుకుంటే ఆ ఫలితానికి మళ్ళీ 20 జీబీ కావాలి. అందుకే కొన్ని వరుసల చొప్పున తీసుకుని లెక్క కట్టండి. సగటు, గరిష్ఠం లాంటివి ఆ పాత లాప్‌టాప్ మీదే వస్తాయి.