అడుగుల్లో సమానమే... పరుగులో తేడా!

ఒకే పొడవున్న రెండు తెరచాప పడవలను ఒకే గాలికి వదిలితే రెండూ కలిసి ఒడ్డు చేరతాయా? చేరవు. గోదావరి మీద చాపలెత్తి సరుకు పడవలు నడిపిన కుటుంబాల వారికి ఇది కొత్త సంగతి కాదు. 2022లో ఫ్రాన్సు తీరం నుంచి సాగిన గోల్డెన్ గ్లోబ్ పందెం ఇదే మాటను భూగోళం చుట్టివచ్చి మరీ రుజువు చేసింది.

ఈ పందెంలో పడవకు ఒక్కరే మనిషి. ఏ రేవులోనూ ఆగరాదు. పడవ 32 నుంచి 36 అడుగుల పాతకాలపు రకమే కావాలి. సెప్టెంబరు 4న 16 మంది బయలుదేరారు. వారిలో భారత నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టోమీ ఒకరు. 2018 పందెంలో తుపానుకు ఆయన పడవ కొయ్యలు విరిగాయి, వెన్నెముక దెబ్బతింది. అయినా మళ్లీ వచ్చారు. ఈసారి 'రస్లర్ 36' రకం పడవ. దక్షిణాఫ్రికా మహిళ కిర్‌స్టెన్ నాయిషేఫర్‌ది 'కేప్ జార్జ్ 36'.

పేరుకు రెండూ 36 అడుగులే. నీటిని తాకే పొడవు మాత్రం మొదటిదానికి 27 అడుగులు, రెండోదానికి 31 అడుగుల పైమాట. కిటుకంతా ఇక్కడే ఉంది. పడవ సాగుతుంటే ముందొక అల, వెనకొక అల లేస్తాయి. వేగం పెరిగేకొద్దీ వాటి మధ్య దూరమూ పెరుగుతుంది. ఆ దూరం పడవ పొడవంత అయ్యేసరికి, తాను తవ్వుకున్న గుంటలో తానే చిక్కుకుంటుంది. ఆపైన చాప ఎంత నిండినా లాభం స్వల్పం. లెక్క ప్రకారం రస్లర్‌కు గంటకు 13 కిలోమీటర్లు, కేప్ జార్జ్‌కు 14. ఒక్క కిలోమీటరే కదా అనుకోరాదు, రోజుకు 24 అవుతుంది!

అయితే లెక్కే సర్వస్వం కాదు. రస్లర్ మీదే బ్రిటన్ నావికుడు సైమన్ కర్వెన్ చాలాకాలం అందరికన్నా ముందున్నారు. గాలిని బట్టి పడవను దారిలో నిలిపే పరికరం విరిగి, చిలీ రేవులో ఆగవలసి వచ్చింది.

పడవ అడుగు శుభ్రమూ ముఖ్యమే. 2018 పందెంలో ఫిన్లండ్‌కు చెందిన టాపియో లెహ్టినెన్ పడవకు అడుగున గుల్లలు పట్టాయి. విజేత 212 రోజుల్లో చేరగా ఆయనకు 322 రోజులు పట్టింది. 2022 నవంబరులో ఆ పడవ మునిగిపోగా, ఆయనను కాపాడినది కిర్‌స్టెనే.

2023 ఏప్రిల్ 27న గమ్యం చేరి ఆమె విజేతగా నిలిచారు. చివరి గంటల్లో గాలి పడిపోయి గమ్యం ముందే తేలియాడవలసి వచ్చింది. 29న టోమీ రెండో స్థానంలో చేరారు. ఎక్కడా ఆగకుండా పందెం ముగించినవారు మొత్తం ముగ్గురే.