డిడ్స్‌బరీకి తిరిగివచ్చిన రైలుబాట

ఇంగ్లండు దేశమందలి మాంచెస్టరు మహానగరమునకు దక్షిణమున, మెర్సీ నదీప్రాంతమున డిడ్స్‌బరీ అను ఊరు కలదు. 1904లోనే నగరమున కలిసిపోయినను, ఆ ఊరివారు తమ అంగళ్లవీథిని నేటికిని పల్లె యనియే వ్యవహరింతురు. కావుననే 2013 మే 23వ తేదీన అచట తెరచిన ట్రాము స్టాపునకు 'డిడ్స్‌బరీ విలేజ్' అను పేరు కుదిరినది.

ఈ స్టాపునకు పూర్వచరిత్ర యున్నది. 1880లో మిడ్లాండు రైల్వేవారి పొగబండ్లు, నేడు ట్రాములు పోవు ఈ మార్గముననే నడువసాగినవి. నాటి స్టేషను ముంగిట, పేదల క్షేమమునకై పాటుపడిన మిల్సన్ రోడ్స్ అను వైద్యుని స్మృత్యర్థము నిలిపిన గడియారపు స్తంభము నేటికిని నిలిచియున్నది. స్టేషను మాత్రము లేదు. బ్రిటనులో మోటారు వాహనములు ప్రబలి, రైల్వేలకు నష్టములు వచ్చి, స్టేషనులు వరుసగా మూతపడిన ఆ కాలమున, 1967 జనవరిలో ఇదియు మూతపడినది. రెండేండ్లకు ఆ మార్గమున రైళ్లే నిలిచిపోయినవి.

పట్టాలు తీసివేసిరి గాని, బాటకు అడ్డముగా భవనములు లేవనీయలేదు. ఇదియే ఈ కథలో ముఖ్యము. 1992లో మెట్రోలింక్ అను ట్రాము వ్యవస్థ మాంచెస్టరున వెలసిన పిమ్మట, దానిని దక్షిణమునకు పొడిగింపవలెనను సంకల్పము 2004లో కేంద్రప్రభుత్వము ధనమియ్య నిరాకరించుటచే ఒకమారును, నగరప్రవేశమునకు వాహనములపై సుంకము విధించు పథకమును 2008లో ప్రజలు ఓటుతో తిరస్కరించుటచే మరియొకమారును కుంటువడినను, భూమి చేతనుండుటచే ఆశ చావలేదు. తుదకు స్థానిక సంస్థలు నిధులు కూడగట్టి పని సాగించినవి.

నేటి స్టాపున ఆడంబరమేమియు లేదు. టిక్కెట్టు యంత్రము ప్లాట్‌ఫారము మీదనే యున్నది. పైతీగలనుండి 750 వోల్టుల విద్యుత్తు గ్రహించి పసుపురంగు ట్రాములు వచ్చి ఆగుచుండును. ప్లాట్‌ఫారమును ట్రాము నేలయు ఒక్కయెత్తున నుండుటచే, చంటిబిడ్డ బండితో వచ్చిన తల్లియు, చక్రముల కుర్చీలో వచ్చిన వృద్ధుడును మెట్టెక్కు ప్రయాస లేక తిన్నగా లోనికి పోవుదురు. నా దృష్టిలో, వేగముకంటెను ఈ సౌకర్యమే గొప్పది.

మన పట్టణముల చెంతను రైలు విడిచిన బాట యెచటనైన నున్నచో, దానిని తుండెములుగా అమ్మివేయుటకు ముందు మన పాలకులు డిడ్స్‌బరీ వృత్తాంతము నొకమారు చదువుదురు గాక.