ధమని మెత్తదనం ఏ వయసులో తయారవుతుంది?

ఒక మాట అడుగుతాను, చెప్పండర్రా. గుండె నుంచి బయల్దేరే ఆ పెద్ద ధమని ఉంది చూశారూ, దానికి సాగే గుణం ఏ వయసులో వచ్చిందంటారు? ఆటలాడే వయసులోనా, వ్యాయామం చేసే వయసులోనా? కాదు. అందులో చాలా భాగం మీరింకా అమ్మ కడుపులో ఉండగానే తయారైపోయింది.

గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ ధమని సాగి, మళ్లీ ముడుచుకోవాలి. ఆ పని ఎలాస్టిన్ అనే ప్రోటీన్‌ది. కడుపులో చివరి నెలల్లోనూ, పుట్టిన కొత్తలోనూ శరీరం దాన్ని జోరుగా తయారుచేసుకుంటుంది. ఆ తర్వాత తయారీ దాదాపు ఆగిపోతుంది. అప్పుడు కూడబెట్టుకున్నదే ముసలితనం దాకా రావాలి. సరిగ్గా ఆ నెలల్లో బిడ్డ ఎదుగుదల కుంటుపడితే నాళాల గోడలు బిరుసెక్కుతాయని 1997లో మార్టిన్, గ్రీన్‌వాల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు.

ఎదుగుదల ఎందుకు కుంటుపడుతుంది? తల్లికి తిండి చాలకపోవచ్చు, బీపీ పెరగొచ్చు, మావి సరిగా పనిచేయకపోవచ్చు. కరువు ఏడాది చెరువులో నీళ్లు తగ్గితే ఊరివాళ్లు ముందు తాగునీళ్లు అట్టేపెట్టుకుని, ఆ తర్వాతే కాలువ చివరి పొలాల సంగతి చూస్తారు కదా! కడుపులో బిడ్డా అదే చేస్తుంది. మెదడుకు వెళ్లే నాళాలను వెడల్పు చేసుకుని, కాళ్లూ చేతులకూ మూత్రపిండాలకూ వెళ్లేవాటిని బిగించుకుంటుంది. డాప్లర్ స్కాన్‌లో డాక్టర్లకు ఇది కనిపిస్తుంది కూడా. అంత చిన్న ప్రాణికి ఎంత తెలివో చూడండి! కానీ ఆ సర్దుబాటు జాడలు పుట్టాక కూడా మిగిలిపోవచ్చు.

నాళం లోపల ఎండోథీలియం అనే పలచని పొర ఉంటుంది. అది నైట్రిక్ ఆక్సైడ్ వాయువును వదిలి నాళాన్ని సడలిస్తుంది. ఈ వాయువు పనితనం కనిపెట్టినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. ఆ పొర ఎలా ఉందో చూడటానికి సూదీ అక్కర్లేదు, కత్తీ అక్కర్లేదు. ముంజేతికి బీపీ పట్టీ కట్టి ఐదు నిమిషాలు బిగించి వదులుతారు. రక్తం ఒక్కసారిగా పరుగెత్తుతుంది. అప్పుడు పై చేతి ధమని ఎంత వెడల్పయిందో అల్ట్రాసౌండ్‌తో కొలుస్తారు. బ్రిటన్‌లో 9–11 ఏళ్ల ఆరోగ్యవంతులైన పిల్లలను ఇలా పరీక్షిస్తే, తక్కువ బరువుతో పుట్టినవారి ధమనులు సగటున తక్కువ విచ్చుకున్నాయి. ఇంకా బడికెళ్లే పిల్లల్లోనే!

కడుపులో ఎదుగుదల తగ్గితే పెద్దయ్యాక గుండెజబ్బు ముప్పు పెరుగుతుందన్న ఆలోచనను లోకం ముందుకు బలంగా తెచ్చినవాడు సౌతాంప్టన్‌లో పనిచేసిన డేవిడ్ బార్కర్. అయితే నేను ముందు దణ్ణం పెట్టేది ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్‌కి. ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి ఆమె, ఆమె కింది నర్సులు పుట్టిన ప్రతి బిడ్డ బరువూ, ఏడాది నిండినప్పటి బరువూ ఓపిగ్గా పుస్తకాల్లో రాసిపెట్టారు. దశాబ్దాల తర్వాత బార్కర్ బృందం ఆ పుస్తకాలు పట్టుకుని 5,600 మందికి పైగా మగవాళ్ల జీవితాలను వెతికింది. పుట్టినప్పుడూ, ఏడాదికీ బరువు తక్కువున్నవారిలోనే గుండెజబ్బు చావులు ఎక్కువని 1989లో తేలింది. మన పక్కనే మైసూరులో, హోల్డ్‌స్‌వర్త్ ఆస్పత్రి పాత కాన్పుల రికార్డులు కూడా చిన్నగా పుట్టినవారికి గుండెజబ్బు ఎక్కువనే చెప్పాయి.

చిన్నగా పుట్టామని ఎవరూ బెంగపడొద్దు. అమ్మానాన్నలు సన్నగా, పొట్టిగా ఉంటే బిడ్డ చిన్నగానే పుట్టొచ్చు, అది జబ్బు కాదు. నిజంగా ఎదుగుదల తగ్గిన బిడ్డకైనా అది ముప్పును పెంచే ఒక కారణమే. పొగ, ఉప్పు, ఒళ్లు మన చేతిలోనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: చిన్నగా పుట్టాడని జాలిపడి, తర్వాత కుక్కికుక్కి లావు చేయకండి. ఆ నాళాలకు అది రెండో భారం.

హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో జరిగిన పని చెబితే మీకు సంతోషం వేస్తుంది. 1987–90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ 29 పల్లెలను ఎంచుకుంది. 15 ఊళ్లలో గర్భిణులకూ, చిన్నపిల్లలకూ మొక్కజొన్న–సోయా పిండితో చేసిన ఉప్మా రోజూ అందింది. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్లకు వచ్చాక మళ్లీ కొలిచారు. ఉప్మా అందిన ఊళ్లవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు, వారి ధమనుల బిరుసు తక్కువ. బీపీలో మాత్రం తేడా లేదు. అందులో తల్లి తిన్నదాని ఫలం ఎంత, బిడ్డ తిన్నదాని ఫలం ఎంత అని విడదీయలేం. ఆ ఊళ్లలో ఇద్దరికీ వడ్డించారు మరి.