పాత కారు ఇంజనులో కొత్త చప్పుడు

నలుబది యేండ్లుగా నడచుచున్న అంబాసిడరు కారొకటి రోడ్డుపై పోవుచుండగా, ఇంజను నుండి హఠాత్తుగా టకటకమని పెద్ద చప్పుడు బయలుదేరిన దనుకొందము. డ్రైవరు వెంటనే తేల్చుకొనవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ చప్పుడుతో కారును షెడ్డు వరకు నడుపవచ్చునా, ఉన్నచోటనే ఇంజనును ఆపివేయవలెనా?

దీనికి మొదటి జవాబు చెవి చెప్పదు, కన్ను చెప్పును. డ్రైవరు ఎదుటనున్న ఆయిలు దీపము వెలిగినచో మరి ఆలోచింప పనిలేదు, ఇంజను ఆపవలసినదే. క్రాంకుషాఫ్టునకును దాని బేరింగులకును నడుమ సన్నని నూనె పొర యుండును. ఆ పొర యున్నంతసేపు లోహము లోహమును తాకదు. నూనె ఒత్తిడి పడిపోయినచో కొద్ది నిమిషములలోనే బేరింగు అరిగిపోవును. ఇంకను నడిపినచో కనెక్టింగు రాడ్డు విరిగి, ఇంజను గోడను పగులగొట్టుకొని బయటకు రావచ్చును.

దీపము వెలుగలేదు, డిప్‌స్టిక్కుపై నూనె సరిగా నున్నది. అప్పుడు చప్పుడు యొక్క లయను పట్టుకొనవలెను. అంబాసిడరులో చాలకాలము వాడిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను నాలుగు ఘాతముల ఇంజను. క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరిగినపుడు, ప్రక్కనున్న క్యాంషాఫ్టు ఒక్క చుట్టే తిరుగును. క్యాంషాఫ్టు పొడుగాటి పుష్‌రాడ్లను పైకి త్రోయగా, రాకర్లు వాల్వులను తెరచును. నిమిషమునకు 600 చుట్లు తిరుగు ఇంజనులో క్రాంకు సెకనుకు 10 మార్లు తిరుగును. ఒక్కొక్క వాల్వు 5 మార్లే తెరచుకొనును. కావున వాల్వుల వైపు పుట్టిన చప్పుడు క్రాంకు వేగములో సగము వేగముతో వినవచ్చును. క్రింద బేరింగులో పుట్టినది సాధారణముగా క్రాంకు వేగముతోనే కొట్టుచుండును.

సెకనుకు పది దెబ్బలను చెవితో లెక్కించుట కష్టమే. అందుకు మెకానిక్కులు టైమింగు లైటును వాడుదురు. మొదటి ప్లగ్గు తీగెకు తగిలించిన ఈ దీపము క్రాంకు రెండు చుట్లకు ఒకమారు మెరయును. మెరుపుతోపాటు ఒక్కొక్క దెబ్బే పడినచో అనుమానము వాల్వుల మీద. మెరుపు మెరుపుకు రెండేసి దెబ్బలు పడినచో బేరింగుల మీద.

అయితే లయ ఒక్కొక్కప్పుడు మోసము చేయును. ఎగ్జాస్టు గాస్కెటు ఒకచోట చిరిగినచో, ఆ సిలిండరులోని వాయువు రెండు చుట్లకు ఒకమారే బుస్సుమని తప్పించుకొనును. అదియు అచ్చముగా టాపెట్ల చప్పుడువలెనే తోచును. గాస్కెటు దగ్గర నల్లని మసి చార కనబడినచో దొంగ దొరికినట్లే. మరియొక పరీక్ష కూడ కలదు. ఇంజను ఆపి, ఒక ప్లగ్గు తీగెను ఊడదీసి ఇంజను లోహమునకు గట్టిగా కలిపి, మరల కొద్దిసేపు నడిపింతురు. తీగెలో వేల వోల్టుల విద్యుత్తు ఉండును గనుక నడుచుచున్నపుడు దానిని ముట్టరాదు. ఆ సిలిండరులో పేలుడు ఆగుటచే ఎగ్జాస్టు బుస తగ్గిపోవును. ఆ సిలిండరు బేరింగు వదులైనదైతే దాని మొద్దు దెబ్బ కూడ తగ్గును. టాపెట్ల చప్పుడులో మాత్రము చెప్పుకోదగిన మార్పుండదు.

చోటు గుర్తించుటకు పొడుగాటి స్క్రూడ్రైవరు చాలును. మొనను ఇంజనుపై నాని, పిడిని చెవి దగ్గరి ఎముకకు ఆనించి విందురు. ఇంజను నుండి గాలిలోనికి పోవునపుడు ధ్వనిలో అధికభాగము సరిహద్దు దగ్గరనే వెనుకకు మరలిపోవును; ఉక్కు కడ్డీ దానిని నేరుగా ఎముకకు చేర్చును. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ కాగితమును గొట్టముగా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు అట్లు పుట్టినది. మెకానిక్కు చేయునది అట్టి పనియే. ఫ్యాను బెల్టుకు దూరముగా నుండుట మాత్రము మరువరాదు.

చప్పుడు పైన వాల్వు మూతలో దొరికినచో, తరచు కారణము రాకరు మర నట్టు వదులగుట. మర మిల్లీమీటరులో కొద్ది భాగము జరిగినను పెద్ద శబ్దమే వచ్చును. బిగించి సందు సరిచేసిన చాలును. పుష్‌రాడ్డు వంగియున్నచో ఇంజను కుంటుచు నడచును. చప్పుడు క్రింద నూనె తొట్టి దగ్గర మొద్దుగా, యాక్సిలరేటరు వదలినపుడు మరింత స్పష్టముగా వినబడినచో కారును లాగించుకొని పోవుటయే మేలు. తొట్టి విప్పి చూచినపుడు బేరింగు పెంకుపై బూడిద రంగు పోయి రాగి రంగు బయటపడియుండును. క్రాంకుపై గీతలు లోతుగా పడనిచో, దానిని కొద్దిగా సానపట్టించి, ఆ మేరకు మందముగల కొత్త పెంకులు వేయుదురు.